ఎర్రమ్మ కొడుకు ముఖం

తొంభైల తొలి ఏళ్లలో, ఒక వేసవి సెలవుల తర్వాత, నన్ను బరంపురం నుంచి ఛత్రపురం దగ్గర సముద్రపు ఒడ్డునున్న ఒక ప్రభుత్వ హైస్కూలుకు బదిలీ చేశారు. ఉద్యోగం డ్రాయింగు మాస్టరు. పాఠాలన్నీ ఒడియాలో, పిల్లల్లో సగం మంది పక్కనున్న చమఖండి ఊరి తెలుగు జాలరుల పిల్లలు. స్టాఫురూములో మా హోదా ఏమిటంటే, లెక్కల మాస్టరు, సైన్సు మాస్టరు, సంస్కృత పండితుడు, వ్యాయామం మాస్టరు, ఆ తర్వాత మేము. ఆటలో అరటిపండు అన్నమాట. పరీక్షలొస్తే బెంచీలకు నంబర్లు రాయాలి, జెండా పండగకు నాయకుల బొమ్మలు వేయాలి, ఎవరైనా సెలవు పెడితే వాళ్ల క్లాసు కాయాలి.

నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ ముఖాలే లోకం. బస్సులో ఎదుటివాడి చెవి చూస్తూ దిగాల్సిన చోటు దాటిపోయిన రోజులున్నాయి. సిలబస్‌లో ఉన్నవి కూజా, గుమ్మడికాయ, ఆకుల డిజైను. హెడ్మాస్టరు అటు వెళ్లగానే నేను ముఖం నేర్పేవాడిని. తలను గుడ్డు ఆకారంలో గీసి కళ్లు సరిగ్గా సగంలో పెట్టాలి. కొత్తవాళ్లందరూ నుదుటి దగ్గరికి ఎత్తేస్తారు. చెవి కనుబొమకీ ముక్కు చివరకీ మధ్య ఉంటుంది. సూత్రం ఇంతే. మిగతాది ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి తెలుసుకోవాలి.

ఆ ఏడాది దసరా ముందు ఒక తెప్ప తిరిగి రాలేదు. పోయిన ఇద్దరిలో ఒకడు దానయ్య, నా తొమ్మిదో తరగతి విద్యార్థిని గంగకు అన్న. శవం దొరకలేదు. కొన్ని వారాల తర్వాత వాళ్లమ్మ ఎర్రమ్మ చేపల బుట్ట బడి వరండాలో దించి నా దగ్గరకు వచ్చింది.

"బాబూ, ఆడి పొటో ఒక్కటీ నేదు. నువ్వు మొగాలేత్తావంట గదా. ఆణ్ని ఏసి పెట్టు, గోడకెట్టుకుంటాను" అంది.

ఓటరు కార్డులకు ఫొటోలు రాని కాలం అది. దానయ్యను నేనెప్పుడూ చూడలేదు. చూడని మనిషిని వేయలేనని చెప్పాను. "నేను సూసాను గదా. నేను సెప్తాను, నువ్వెయ్యి" అంది. కాదనలేకపోయాను. నిజం చెప్పొద్దూ, వేసి చూడాలన్న ఆశ కూడా పుట్టింది.

తరగతి మొత్తాన్ని ఆ పనిలో పెట్టాను. ఇంట్లోనో వీధిలోనో ఒకరిని కూర్చోబెట్టి, ముక్కో కళ్లో దవడో గీసుకు రమ్మన్నాను. ఎర్రమ్మ చేపల అమ్మకం ముగించుకుని వచ్చి, ఆ కాగితాలు నేల మీద పరుచుకుని ఏరేది. ముక్కు ఇదే అనేది, కళ్లు మాత్రం గంగవే అనేది. బుగ్గ ఎముక ఎక్కడ ఆగుతుందో తన ముఖం మీదే బొటనవేలితో చూపించేది. నేను అన్నీ కలిపి బొగ్గుతో వేసేవాడిని, ఆమె వంక పెట్టేది, తుడిచి మళ్లీ వేసేవాడిని. బెంచీల నంబర్ల సంగతేమిటని హెడ్మాస్టరు ఒక పక్కన విసుక్కునేవారు. తల ప్రాణం తోకకొచ్చింది. కానీ పిల్లలు అన్నేళ్ల కూజాల్లో నేర్వనిది ఆ కొద్ది వారాల్లో నేర్చుకున్నారు. గంగ చేతి లాంటి చెయ్యి నా సర్వీసులో మరొకటి చూడలేదు. అంత బాగా నేను పాఠం చెప్పింది కూడా అప్పుడే.

చివరికి ఒక మధ్యాహ్నం ఎర్రమ్మ ఆ బొమ్మ ముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. "ఈడే" అంది. గంగను అడిగితే, "శానా దగ్గరకొచ్చింది సార్" అంది. బరంపురంలో ఫ్రేము కట్టించి ఇచ్చాను. వాళ్లు గోడకు తగిలించి దండ వేశారు.

మరుసటి ఏడాది వర్షాలు మొదలయ్యాక ఎర్రమ్మ ఆ పటాన్ని పాత చీరముక్కలో చుట్టి తెచ్చింది. పోట్లాటకు రాలేదు. మెల్లగానే చెప్పింది.

"బాబూ, ఏటంటే, మునుపు కళ్ళు మూత్తే ఆడొచ్చీవోడు. తెప్ప కాడ నిలబడి నవ్వీవోడు. ఇప్పుడు నువ్వేసినోడే వత్తన్నాడు. నా కొడుకు రాట్లేదు. ఈణ్ని సెరిపియ్."

మేకులు ఊడదీసి, అద్దం తీసి, ఆమె కళ్లముందే గుడ్డతో తుడిచాను. బొగ్గు కనుక తేలిగ్గానే పోయింది. ఆమె ఆ మసి కాగితాన్ని చూసి కళ్లు మూసుకుంది. కాసేపటికి తెరిచి తల అడ్డంగా ఊపింది. "నువ్వేసినోడే ఉన్నాడు" అని, బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత గంగ నా పీరియడులో డ్రాయింగు పుస్తకం తెరవలేదు. నేనూ తెరవమనలేదు.

రిటైరయ్యేదాకా ముఖాలు నేర్పుతూనే ఉన్నాను, మనిషి ఎదురుగా కూర్చుంటేనే. పోయినవాళ్ల ఆనవాళ్లు చెప్పి బొమ్మ వేయమని ఇప్పటికీ ఎవరో ఒకరు వస్తారు. కుదరదని పంపించేస్తాను, కోపగించుకుని పోతారు. ఆ వ్యవహారం నాకు నేర్పింది ఇది: పోలిక బొత్తిగా కుదరని బొమ్మ వల్ల ఎవరికీ నష్టం లేదు, నవ్వి పారేస్తారు. దాదాపుగా కుదిరిన బొమ్మ మాత్రం అసలు మనిషిని తోసేసి ఆ చోట కూర్చుంటుంది, మళ్లీ లేవదు. దాదాపుగా కుదిరేలా వేయడమే నేను ముప్పై ఏళ్లు పిల్లలకు నేర్పిన విద్య.