వంటగదిలో చెప్పులు

ఓవెన్ తలుపు మీద చెయ్యి వేయగానే వేళ్ళలో చీమలు పాకినట్టనిపించింది. ఒక్క క్షణం. ఐదేళ్ళుగా నేను మోస్తున్నది ఆ క్షణాన్నే. ఈ ఉదయం దాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

ఆ ఓవెన్ మా పిన్ని కువైట్ నుంచి తెచ్చింది. దాని ప్లగ్గుకు దళసరి పలకల్లాంటి మూడు పిన్నులు. మా రామచంద్రపురం ఇంట్లో ఏ బోర్డుకూ పట్టలేదు. పాప పుట్టినరోజుకు కేకు చేయాలన్న తొందరలో ఆ ప్లగ్గు కోసేసి, రెండు పిన్నులది నేనే బిగించాను. పసుపు, ఆకుపచ్చ చారల వైరు ఒకటి మిగిలింది. దానికి చోటు లేదు. కత్తిరించి టేపు చుట్టాను. బీఎస్సీ ఫిజిక్స్ చదివినదాన్ని. అది ఎర్త్ వైరని తెలియదని ఎవరితో అనగలను?

చీమలు పాకాక ఏం చేశాను? ప్లగ్గు పీకలేదు. రబ్బరు చెప్పులు వేసుకున్నాను. ఇక ఏమీ అనిపించలేదు.

మా అత్తగారు చూశారు. “వంటగదిలోకి చెప్పులేంటమ్మా? ఇంకా నయం, గొడుగు వేసుకురాలేదు.”

“కాళ్ళు పగిలాయండి అత్తయ్యగారూ.”

“పగిలితే వెన్న రాసుకోవాలి గానీ” అని నవ్వుకుంటూ, వట్టి కాళ్ళతో నా పక్కనే తిరిగారు.

అప్పుడెందుకు నోరు మెదపలేదు? చదువుకుని ఇంత తెలివితక్కువ పని చేసిందా అంటారని భయపడ్డానా? అంతే. అంతకన్నా పెద్ద కారణం ఎంత వెతికినా దొరకలేదు.

మూడో రోజు, తుడిచిన నేల ఆరకముందే ఆవిడ ఓవెన్ తలుపు పట్టుకున్నారు. వెనక్కి పడ్డారు. మణికట్టు విరిగింది. “ఏదో లాగేసిందమ్మా” అంటున్న ఆవిడతో, కళ్ళు తిరిగి ఉంటాయని చెప్పింది నేనే. అందరూ నమ్మారు. చివరికి ఆవిడా నమ్మారు. ఓవెన్ పాత సామాన్లలో వేసేశాను. మరుసటేడు బాబు పుట్టాడు. మళ్ళీ కళ్ళు తిరిగితే వాణ్ణి పడేస్తానేమోనని ఆవిడ ఒక్కసారి కూడా నిలబడి ఎత్తుకోలేదు. మంచం మీద కూర్చున్నాక మేమే ఒళ్ళో పెట్టేవాళ్ళం.

నిన్న కొత్త వాషింగ్ మెషీన్ కోసం వచ్చిన ఎలక్ట్రీషియన్ పెరట్లో ఇంకో ఎర్తింగ్ గొయ్యి తవ్వి, మీటరు పక్కన ట్రిప్ స్విచ్ పెట్టాడు. “వెళ్ళిన కరెంటంతా తిరిగొస్తోందా అని చూస్తుందండి ఇది. కాస్త తగ్గితే ఎవరి ఒంట్లోంచో పోతోందేమోనని ఆపేస్తుంది. మనం అమ్మో అనేలోపే” అని టెస్ట్ బటన్ నొక్కాడు. ఫ్యాను, ఫ్రిజ్, టీవీ, ఇల్లంతా మూగబోయింది.

చదువుకున్నదే, అయినా అరచేతిలో పట్టే పెట్టె ఎవరో తెలియని ఒక ప్రాణం కోసం అలా రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉంటుందని ఎప్పుడైనా అనుకున్నానా? గోతిలో రెండడుగులకే తడి ఊరింది. కరెంటును తనలోకి తీసుకోవడానికి మా కాళ్ళ కింద నేలంతా సిద్ధంగా ఉంది. ఆ కరెంటుకున్న దారి నేను కోసేస్తే, అది ఆవిడ ఒంట్లోంచి వెళ్ళింది. ప్రాణం తీయకుండా ఎందుకు వదిలిపెట్టిందో నాకు తెలియదు. ఆ గొయ్యి అంచున చేతులు జోడించాలనిపించింది.

ఈ ఉదయం పిల్లలకు ఇడ్లీ పెడుతూ చెప్పాను. అత్తయ్యగారు అక్కడే ఉన్నారు.

“నాన్నమ్మకు ఆ రోజు కళ్ళు తిరగలేదు. నేను వైరు కోసిన ఓవెన్ షాక్ కొట్టింది. కొడుతుందని నాకు ముందే తెలుసు. చెప్పలేదు. తర్వాత అబద్ధమాడాను.”

అత్తయ్యగారు నా వైపు చూడలేదు. మణికట్టు తడుముకున్నారు.

పాప అడిగింది. “అయితే నాన్నమ్మ తమ్ముణ్ణి ఎత్తుకోవచ్చా?”

“ఎత్తుకోవచ్చమ్మా. ఎప్పుడూ ఎత్తుకోవచ్చు. ఇన్నాళ్ళూ ఎత్తుకోలేదంటే అది నావల్లే.”