మా అమ్మ మెడ

"ఏమీ లేదమ్మా" అనే మాట వింటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎక్స్‌రేని వెలుతురుకేసి పట్టుకుని, ఎదురుగా కూర్చున్న మనిషి మొహం ఒక్కసారి కూడా చూడకుండా, "ఏమీ లేదు, అంతా నార్మల్" అనేస్తారు డాక్టర్లు. ఏమీ లేకపోతే మా అమ్మ నాలుగేళ్ళపాటు ఆకాశం ఎందుకు చూడలేదు?

మాది ముసునూరు దగ్గర పల్లె. అమ్మా నాన్నా ఇద్దరూ మామిడి కోత కూలీలు. నాన్న చెట్టెక్కి కోసేవాడు, అమ్మ కింద నిలబడి చూపించేది. తెలియనివాళ్ళకి ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది గానీ, చిన్న రసాల చెట్టెక్కినవాడికి ఆకుల మధ్య తన చేతి పక్కనున్న కాయే కనపడదు. కింద నుంచి ఒకరు తల బాగా వెనక్కి వాల్చి, "ఎడమ పక్క, నీ మోచేతి కింద, ఆ పై గుత్తి" అని చెబుతూ ఉండాలి. అందులో అమ్మ ఆరితేరిన మనిషి. ఆవిడ కన్ను పడ్డాక చెట్టున కాయ మిగిలేది కాదు.

ఒక వేసవిలో నాన్న చెట్టు మీంచి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. రాడ్డు వేశారు. ప్రాణం దక్కింది, కుంటి నడక మిగిలింది. "కాలు జారింది" అన్నాడు నాన్న. ఊరంతా అదే అంది. నేనప్పటికే చింతలపూడి వైపు టీచరుగా పనిచేస్తున్నాను. సెలవు పెట్టి వచ్చి ఆసుపత్రిలో నాన్న మంచం పక్కనే ఉన్నాను. మంచానికి అటువైపు కూర్చున్న అమ్మని ఎవరు చూశారు? నేనూ చూడలేదు.

నాన్న ఇంటికొచ్చిన వారానికి అమ్మ మెడ పట్టేసింది. పక్కలకి తిరుగుతుంది, కిందికి వంగుతుంది, పైకి మాత్రం లేవదు. గడ్డం కాస్త ఎత్తబోతే మెడ నరాలు తాళ్ళలా బిగుసుకుని కళ్ళమ్మట నీళ్ళు కారేవి. ఉప్పు కాపడం పెట్టాం. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తంతే పట్టు వదులుతుందంటారు కదా, పక్క వీధిలో ఒకావిడ అలా పుట్టిందని తెలిసి, బతిమాలి తీసుకొచ్చి అమ్మ వీపు మీద కాలు వేయించాం. ఊళ్ళో సూదులేసే ఆయన సూది వేశాడు. హనుమాన్ జంక్షన్‌లో ఒక డాక్టరు మెడకి పట్టీ కట్టి పంపించాడు. చివరికి బెజవాడ తీసుకెళ్ళి స్కానింగ్ కూడా తీయించాం. ఆ పెద్ద డాక్టరు రిపోర్టు తిరగేసి, "ఏమీ లేదమ్మా. ఈ వయసు ఆడవాళ్ళకి ఇవన్నీ మామూలే. అంతా మనసులోనే ఉంది. టెన్షన్ పడొద్దని చెప్పండి" అన్నాడు. అమ్మ ఆయన ఎదురుగానే కూర్చునుంది. అయినా ఆ మాట నాతో చెప్పాడు.

మనసులో ఉంటే? మనసు ఎక్కడుంటుంది సార్, పక్కింట్లోనా? భయమేస్తే నోరెండిపోతుంది. పరీక్ష రోజున మా బడి పిల్లలు కడుపు పట్టుకుని బాత్రూంకి పరిగెత్తుతారు. చెడ్డ కబురు వింటే కాళ్ళు వణుకుతాయి. ఇవన్నీ లోకమంతా ఒప్పుకుంటుంది. మా అమ్మ మెడ దగ్గరికి వచ్చేసరికే అది ఏమీ కాకుండా పోయిందా? ఇవన్నీ ఆ రోజు నా నోట రాలేదు లెండి. "థాంక్యూ సార్" అని లేచి వచ్చాను. చదువుకున్నదాన్ని కదా, మర్యాద ఎక్కువ!

ఇంటికొస్తే మా మేనత్త తయారు. ఒక మధ్యాహ్నం అమ్మ వసారాలో మంచం మీద నిద్రపోతోంది. తల వెనక్కి వాలి, గడ్డం పైకి లేచి, చిన్నగా గురక పెడుతోంది. అత్త నా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి మరీ చూపించింది.

"చూశావా అమ్మాయ్? మెలకువలో లేవని మెడ నిద్దట్లో ఎట్టా లేచింది? తోటకెళ్ళి ఒళ్ళొంచడం ఇష్టం లేక ఈ నాటకాలన్నీ."

అత్త సంగతి అటుంచండి. ఆ క్షణంలో నేను నమ్మాను. సొంత కూతుర్ని, నమ్మేశాను. తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. నిద్రలో మెడ వదులవుతోందంటే ఎముకలో లోపం లేదని, మేలుకున్న మనిషిని ఏదో గట్టిగా పట్టుకుని ఉందని అర్థం. అంత స్పష్టంగా కళ్ళ ముందు కనపడితే, దొంగని పట్టుకున్నట్టు నిలబడి చూశాం ఇద్దరం.

అమ్మ తోటకి వెళ్ళడం మాత్రం మానలేదు. రాలిన కాయలు ఏరేది, సొన కారిపోయేలా కాయల్ని బోర్లించేది, చిన్నా పెద్దా వేరు చేసేది. అన్నీ తల వంచుకుని చేసే పనులే. మేస్త్రీ ఒకసారి నా ముందే మెచ్చుకున్నాడు. "మీ అమ్మగారు బంగారమండీ. వంచిన తల ఎత్తకుండా పని చేసుకుంటారు." ఏమనాలి ఆ మనిషిని? ఆడమనిషికి మెడ లేవకపోతే అదో మంచి గుణమైపోయింది!

నాలుగో ఏడు, నూజివీడు సర్కారు ఆసుపత్రిలో మెడకి వ్యాయామాలు చేయిస్తారని ఎవరో చెబితే తీసుకెళ్ళాను. అక్కడ వ్యాయామాలు చేయించే అమ్మాయి నా కంటే చిన్నది. నేను లావుపాటి ఫైలు అందిస్తే తీసుకుని పక్కన పెట్టింది. అమ్మ మొహం కనపడాలని కుర్చీ ముందు నేల మీద గొంతుక్కూర్చుంది.

"ఆఖరుసారి తలెత్తి ఏం చూశారు పెద్దమ్మా?"

ఇంతమంది డాక్టర్ల చుట్టూ తిరిగాం, ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. "మా ఆయన్ని" అంది అమ్మ.

"చెట్టు దిగిపోతన్నాడమ్మా. నేనే ఆపా. ఆ కొసన ఇంకా రెండున్నాయి మావా అన్నా. అటు జరిగాడు. నేను చూస్తానే ఉన్నా, కొమ్మ ఇరిగిపోయింది."

రెండు కాయలు. నాలుగేళ్ళు ఆ మాట లోపల పెట్టుకుని తిరిగింది నా తల్లి. ఆ అమ్మాయి అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "మీ నొప్పి నిజమేనమ్మా. కండరాలు నిజంగానే బిగుసుకుపోయాయి. అది మళ్ళీ చూడాల్సొస్తుందేమోనని మీ మెడ భయపడుతోంది. మెల్లగా వదులు చేద్దాం. ఈ మాట మాత్రం ఇంటికెళ్ళి ఆయనతో చెప్పండి" అంది.

సాయంత్రం వసారాలో అమ్మ నాన్నకి చెప్పింది. తల వంచుకునే చెప్పింది. నాన్న మొహం పాలిపోయింది.

"నువ్వు చూపించబట్టి పడ్డాననుకున్నావా? ఆ కొమ్మ పుచ్చిందని నాకు తెలుసే. ఎక్కేటప్పుడే చూశా. ఏమవుద్దిలే అని తెలిసే కాలేశా."

"మరి జారిందన్నావేం?" అని అరిచాను నేను.

"ముప్పై ఏళ్ళు చెట్లెక్కినోణ్ణి. పుచ్చుకొమ్మ మీద కాలేశానంటే నలుగురూ నవ్వరా? నామోషీ కాదూ?"

నామోషీ! ఆయన నామోషీకి అమ్మ మెడ కావలసి వచ్చింది. నాన్నని ఆ రోజు ఎన్ని మాటలన్నానో నాకే గుర్తులేదు. అమ్మ మాత్రం "తెలిసే వేశావా?" అని ఒక్కసారి అడిగి వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి గిన్నెలు ఎత్తి పడేస్తున్న చప్పుడు వినపడింది. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మంచి పని చేసింది.

మర్నాటికల్లా మెడ లేచిపోయిందని చెప్పడానికి ఇదేం సినిమా కాదు. వేడినీళ్ళ కాపడం, గోడకి వీపు ఆనించి వ్యాయామం, నెలల తరబడి నడిచింది. గడ్డం ఇంత లేస్తే ఒక రోజు పండగ, మర్నాడు మళ్ళీ మొదటికే. మా అత్త వచ్చినప్పుడల్లా "ఇంకా తగ్గలేదా?" అని దీర్ఘం తీసేది. తగ్గడానికి అదేమన్నా జలుబా?

పోయిన వేసవిలో ఒక ఉదయం నాన్న మా పెరటి రసాల చెట్టు కింద కాయలు కోసే వల చిక్కం కట్టిన కర్ర పట్టుకుని నిలబడ్డాడు. "కళ్ళు ఆనట్లేదే, ఎక్కడున్నాయో కాస్త చెప్పు" అని కేకేశాడు. ఆయన కళ్ళు శుభ్రంగా ఆనుతాయి, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మ చేతిలో చేట కింద పెట్టి వచ్చింది. ఒక చెయ్యి మెడ వెనక ఆనించుకుంది. గడ్డం కొంచెం లేచింది. ఆగింది. మళ్ళీ లేచింది. గొంతు దగ్గర చర్మం వణకడం నాకు కనపడుతోంది.

"ఆ కొసన" అంది. ఊపిరి పీల్చుకుంది. "ఆ కొసన ఇంకా రెండున్నాయి మావా."

నాన్న కదల్లేదు. "నేల మీదే ఉన్నానే, చూడు" అన్నాడు.

"నిన్నెవరు చూస్తన్నారు? కాయల్ని చూస్తన్నా" అని కసిరింది అమ్మ. "కర్ర పైకెత్తు."