రెండో గుండీ

రెప్పల బాబాయికి మనుషుల్ని మామూలుగా పలకరించడం రాదు. ఎవరెదురైనా సరే, ముందు వాళ్ల కింది కనురెప్ప వేలితో లాగి చూడాలి. లోపల ఎర్రగా ఉంటేనే "బాగున్నావా?" అనే మాట. లేకపోతే, "ఒంట్లో రక్తం లేదు, వెళ్లి పరీక్ష చేయించుకో!"

ముప్పై ఏళ్లు రక్తపరీక్షల ల్యాబులో పనిచేసిన మనిషి. ఆయన రిటైరై ఆరేళ్లయినా వేలు మాత్రం రిటైర్ కాలేదు. ఓసారి హెల్మెట్ లేదని ట్రాఫిక్ పోలీసు ఆపితే, "కళ్లు పైకి!" అంటూ అతని రెప్పే లాగేశాడు. పాపం, ఆ పోలీసు జరిమానా సంగతి మర్చిపోయి, "నాకేమైనా ఉందంటారా సార్?" అని వెంటపడ్డాడు. పోస్ట్‌మ్యాన్ అయితే ఆ ఇంటి ఉత్తరాలు గోడ మీంచి విసిరేసి పరుగందుకునేవాడు.

వీధి చివర కుట్టుమిషన్ పెట్టుకున్న టైలరమ్మకి ఈ పరీక్ష వారం వారం తప్పేది కాదు. ప్రతి సోమవారం బాబాయి చొక్కాకి కింది నుంచి రెండో గుండీ ఊడేది. ఆ చొక్కా సంచిలో పెట్టుకొచ్చేవాడు.

"మళ్లీ ఊడిందా బాబాయ్?"

"పొట్టమ్మా, పొట్ట! గుండీ మాత్రం ఏం చేస్తుంది? కళ్లు పైకి!"

ఒకసారి ఆమె లోపలికెళ్లి వచ్చేసరికి, కొట్టు ముందు గౌను తొడిగి నిలబెట్టిన బొమ్మ కంటి మీద బాబాయి వేలు ఉంది. "మరీ పాలిపోయి ఉంటే ఎవరి పిల్లో అనుకున్నా," అన్నాడు, ఏమాత్రం సిగ్గుపడకుండా.

నవ్వడానికి కూడా టైలరమ్మకి ఓపిక లేదు. ఏడాదిగా ఇదే వరస. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బాబాయి పోరు పడలేక డాక్టరు దగ్గరికెళ్లి, మూడు నెలలు ఐరన్ మాత్రలు మింగింది. అయినా రక్తం పెరగలేదు. రోజుకి ఆరు గౌన్లు కుట్టే మనిషి ఒక్కదానికే వాలిపోతోంది. బడి యూనిఫామ్‌ల ఆర్డరు సగంలో ఆగింది. "ఒట్టి బద్ధకం," అనేవాడు మొగుడు. వినీ వినీ నిజమే కాబోలు అనుకుంది.

ఆ సోమవారం బాబాయితో చెప్పేసింది. "నెలాఖరుకి కొట్టు మూసేస్తున్నా బాబాయ్. ఇక నావల్ల కాదు." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

బాబాయి రెప్ప లాగలేదు. అదే మొదటిసారి! ఆమెని ఎగాదిగా చూశాడు.

"ఇంత ఎండలో స్వెట్టరేంటమ్మా?"

"చలేస్తోంది."

"గొంతెందుకలా బొంగురుపోయింది?"

"జలుబేమో. ఆర్నెల్లుగా తగ్గట్లేదు."

"సూది గుచ్చుకోకుండా వేలికి ఇత్తడి టోపీ తొడిగేదానివి, ఏదీ?"

"వేళ్లు ఉబ్బాయి బాబాయ్, పట్టట్లేదు."

బాబాయి నుదురు కొట్టుకున్నాడు. "ఏడాదిగా రెప్పలు చూశాను గానీ నిన్ను చూడలేదు, నా మతి మండ! మెడలో థైరాయిడ్ గ్రంథి మందగిస్తే ఎముకల్లో మూలుగ కూడా మందగిస్తుంది. రక్తకణాలు సరిగ్గా తయారవవు. అప్పుడు ఒట్టి ఐరన్ ఎంత మింగి ఏం లాభం? పద డాక్టరు దగ్గరికి!"

"అయితే ఇది బద్ధకం కాదా?"

"బద్ధకానికి వేళ్లు వాస్తాయటమ్మా?"

పరీక్షలో థైరాయిడేనని తేలింది. డాక్టరు మాత్ర రాశారు. పరగడుపున వేసుకోవాలి, దానికీ ఐరన్‌కీ నాలుగు గంటల ఎడం ఉండాలి. బాబాయి ఆమె మొగుణ్ని పట్టుకుని, రెప్ప లాగి మరీ ఆ వేళలు అప్పజెప్పించుకున్నాడు.

కొన్ని నెలలకి ఇత్తడి టోపీ మళ్లీ వేలికెక్కింది, స్వెట్టరు పెట్టెలోకెళ్లింది. యూనిఫామ్‌లు కాస్త ఆలస్యంగానైనా బడికి చేరాయి. ఓ సోమవారం బాబాయి ఎప్పట్లాగే సంచీతో వచ్చాడు. చొక్కా అందుకున్న టైలరమ్మ గుండీ ఊడినచోట దారం చూసి ఆగిపోయింది. పొట్ట తోసి తెగిన దారమైతే పీచుపీచుగా ఉంటుంది. ఇది కత్తెరతో నున్నగా కోసింది. ఇన్నాళ్లూ ఆ నీరసంలో తను చూడనే లేదు.

"బాబాయ్! ఏడాదిగా మీ గుండీ మీరే కోసుకుంటున్నారా?"

బాబాయి బొమ్మ వంక చూశాడు. "మొదటిసారి చూసినప్పుడే నీ రెప్ప పాలిపోయి ఉందమ్మా. వారం వారం కనిపెట్టుకుని ఉండొద్దూ?"

"దానికి గుండీ కొయ్యాలా? ఊరికే రాకూడదా?"

"భలేదానివే! పనేమీ లేకుండా వచ్చి కూర్చుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు?" అన్నాడు, పోలీసు రెప్ప లాగిన మహానుభావుడు.

టైలరమ్మ పగలబడి నవ్వింది. జీన్స్ కుట్టే దారం తీసి, ఆ గుండీని నాలుగు చుట్లు బిగించి కుట్టింది.

"ఇక ఇది కత్తెరకి కూడా లొంగదు. సోమవారాలు మాత్రం మీరు రావాల్సిందే. ఏదీ, కళ్లు పైకి!" అంటూ వేలు చాపింది.

బాబాయి సిగ్గుపడుతూనే కళ్లు పైకెత్తాడు.