లేవి ఇంటి ఉత్తరపు గోడ

బనగానపల్లెలో ఈమధ్య లేచిన ఇళ్ళలో చాలావాటి మీద తాపీపని చేసే బేల్దారి లేవి చేయి పడింది. ముఖ్యంగా కిటికీల పనిలో అతనికి పేరు. చట్రం నిలబెట్టి, దారం పట్టి, ఒక కన్ను మూసి చూసి 'సరే' అన్నాడంటే ఆ కిటికీ మళ్ళీ వంకర పోయేది కాదు. గాలి ఎటు నుంచి కొడుతుంది, సాయంత్రపు ఎండ ఏ గదిలో పడుతుంది అని ఇంటివాళ్ళను అడిగి తెలుసుకుని మరీ పని మొదలుపెట్టేవాడు. అతని తండ్రి నాపరాతి గనిలో కూలి. రాయి తీసే పని కన్నా రాయి పేర్చే పని మేలని, కొడుకును చిన్నతనంలోనే ఒక ముసలి మేస్త్రి చేతిలో పెట్టాడు.

లేవి సొంతిల్లు చర్చి వెనక పేటలో ఉంది. ముందు గది, నడిమి గది, వంటిల్లు, మూడూ రైలు పెట్టెల్లాగా ఒకదాని వెనక ఒకటి. దక్షిణం పక్క ఇంకొకరి గోడ ఆనుకుని ఉంది. ఉత్తరం పక్క వీరభద్ర అనే రైతు దొడ్డి. లేవి గోడలు లేపుతున్న రోజుల్లో వీరభద్ర వచ్చి కాసేపు నిలబడి, "లేవీ, మా ఆడోళ్ళు నీళ్ళు పోసుకునే జాగా ఆ మూలనే ఉండాది. ఇటు పక్క కిటికి పెట్టొద్దప్పా" అన్నాడు. అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. లేవి సరేనన్నాడు. అలా నడిమి గదికి కిటికీ లేకుండా పోయింది.

ఆ గది ఎంత చీకటో లేవికి చాలా కాలం తెలియలేదు. తెల్లవారకముందే పనికి పోయేవాడు, దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చేవాడు. ఆదివారం చర్చికి పోయొచ్చి ముందు గదిలోనో అరుగు మీదో కూర్చునేవాడు. నడిమి గది అతనికి పడుకునే చోటు మాత్రమే.

పాణ్యం దారిలో ఒక మేడకు సజ్జ పోస్తున్నప్పుడు, నిలబడి పని చేయడానికి కట్టిన సారవ కట్టె విరిగి లేవి కింద పడ్డాడు. నడుము ఎముక దెబ్బతింది. కర్నూలు పెద్దాసుపత్రిలో నెలల తరబడి ఉంచారు. ప్రాణం దక్కింది కానీ కాళ్ళు రాలేదు. ఇంటికి తెచ్చిన రోజు భార్య విశ్వాసమ్మ ముందు గదిలో మంచం వేయబోతే అతనే వద్దన్నాడు.

"ఈడ నీ మిషను ఉండాది. జాకెట్లు ఇచ్చేదానికి ఆడోళ్ళు వస్తాంటారు. లోపలెయ్."

చర్చివాళ్ళు ఒక చక్రాల కుర్చీ తెచ్చిచ్చారు. దాన్ని గోడకు ఆనించి దాని మీద దుప్పట్లు పెట్టారు. వీధిలోకి రానని అతను మొదటి రోజే చెప్పేశాడు.

నడిమి గదిలో పగలంతా ట్యూబులైటు వెలిగేది. కరెంటు పోతే, ముందు గది దాటి వచ్చే పలుచటి వెలుతురు మంచం కోళ్ళ దాకా వచ్చి ఆగిపోయేది. కొన్నాళ్ళకు లేవికి పొద్దు తెలియకుండా పోయింది. మధ్యాహ్నం కళ్ళు తెరిచి తెల్లారిందా అని అడిగేవాడు. పగలు నిద్రపోయి, అందరూ పడుకున్నాక మేలుకొని ఉండేవాడు. అన్నం సరిగా తినేవాడు కాదు. అతని దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు సొంతంగా మేస్త్రీ పని చేస్తున్న ఈరేష్ చూడ్డానికి వస్తే, నిద్రపోతున్నానని చెప్పమన్నాడు. ఈరేష్‌కు ఆ మాట బయటికే వినిపించింది. తెచ్చిన అరటిపళ్ళు విశ్వాసమ్మ చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

కూతురు క్రిస్టినా నంద్యాలలో ఒక ఆసుపత్రిలో నర్సు. సెలవు మీద వచ్చినప్పుడు తండ్రికి ఒళ్ళు తుడుస్తూ, చేతుల చర్మం పాలిపోయి ఉండడం చూసింది. వంటింట్లోకి పోయి తల్లితో అంది.

"అమ్మా, నాయనకు మందులు అవే ఉంటాయి, మారేదేం లేదు. పగలు పగలు మాదిరి కనపడాల, అంతే. ఆ గదికి కిటికి పెట్టించు."

"ఆ పక్క వీరభద్రప్పకు మాటిచ్చినాడు మీ నాయన."

"మాటిచ్చి ఎన్నేండ్లయింది. పోయి అడుగు."

విశ్వాసమ్మ అడిగింది. వీరభద్ర గేదెలకు గడ్డి వేస్తూ విన్నాడు. నీళ్ళు పోసుకునే జాగా ఎప్పుడో ఇంటి లోపలికి మారిపోయిందనీ, ఆ మూల ఇప్పుడు గేదెలే ఉన్నాయనీ చెప్పాడు. "పెట్టుకోమ్మా. నన్ను అడగాల్సిన పని గూడా లేదు" అన్నాడు.

ఆమె సంతోషంగా వచ్చి ఆ మాట చెబితే లేవి గోడవైపు తిరిగాడు. "ఇచ్చిన మాట ఇచ్చినట్టే. కిటికి వద్దు."

"ఆయప్పే పెట్టుకోమంటాండాడు కదా."

"వద్దంటాండా."

అసలు సంగతి మాట కాదు. దొడ్డిలో పొద్దున్నా సాయంత్రమూ మనుషులు తిరుగుతుంటారు. వీరభద్ర ఇంటికి కప్పు వేసింది లేవే. ఆ మిద్దె మీద నిలబడి కూలీల మీద కేకలు వేసిన మనిషి ఇప్పుడు నడుము కింద గుడ్డ చుట్టుకుని పడి ఉంటే వాళ్ళు కిటికీలోంచి చూడడం అతనికి ఇష్టం లేదు. విశ్వాసమ్మకు ఇది తెలియక కాదు. తెలిసినట్టు ఎక్కడా బయటపడలేదు.

కొన్నాళ్ళ తర్వాత అతనే ఒక ఉపాయం చెప్పాడు. పాత మట్టి మిద్దెలకు గవాచి అని పైకప్పులో ఒక కంత వదిలేవారు. వెలుతురు దాంట్లోంచే దిగేది, వాన వస్తే ఎవరో ఒకరు మిద్దెక్కి దాని మీద బండ మూసేవారు. తన ఇంటి కప్పు ఇనుప దూలాల మీద పరిచిన నాపబండలదే కాబట్టి, ఒక బండ తీసి ఆ చోట మందపాటి అద్దం పెడితే సరిపోతుంది. పైనుంచి ఎవరూ చూడరు. విశ్వాసమ్మ ఈరేష్‌కు కబురు పెట్టింది. అరటిపళ్ళ నాటి సంగతి ఏమీ మనసులో పెట్టుకోకుండా అతను వచ్చాడు. ఏ బండ తీయాలో, అద్దం అంచులకు నీళ్ళు దిగకుండా ఏం పూయాలో లేవి మంచం మీద నుంచే చెప్పాడు.

అది చలికాలం. అద్దం బిగించిన రోజు గోడ మీద తెల్లటి ఎండ ముక్క ఒకటి పడింది. లేవి దాన్ని చూస్తూ ఉండిపోయాడు. పొద్దు జరిగేకొద్దీ అది గోడ దిగి, నేల మీద పాకి, అవతలి గోడ ఎక్కింది. దాన్ని బట్టి పొద్దు చెప్పడం అతనికి త్వరలోనే అలవాటైంది. "పదకొండు దాటింది, అన్నం పెట్టు" అనేవాడు. రాత్రులు నిద్రపోవడం మొదలుపెట్టాడు. విశ్వాసమ్మ చర్చిలో ఆ ఆదివారం స్తుతి కానుక వేసింది.

ఉగాది వెళ్ళేసరికి ఆ సుఖం పోయింది. బనగానపల్లె ఎండలు నెత్తిన నిలబడే ఎండలు. మిట్టమధ్యాహ్నం అద్దంలోంచి ఎండ నేరుగా మంచం మీదికి దిగేది. మంచాన్ని ఎటు జరిపినా అంత చిన్న గదిలో వేడి వదిలేది కాదు. బండల మిద్దె అసలే కాలుతుంది, దానికి ఈ అద్దం తోడైంది. లేవి వీపు మీద చెమట పొక్కులు లేచాయి. తడిపిన గోనెపట్టా తెచ్చి అద్దం మీద కప్పారు. గది మళ్ళీ చీకటైంది.

"నెత్తిన పెట్టించడం నా తప్పే" అన్నాడు లేవి, ఈరేష్ చూడ్డానికి వచ్చినప్పుడు. "చలికాలంలో పెట్టించి ఎండాకాలం సంగతి మర్చిపోయినా."

"ఉత్తరం గోడ ఉండాది కదన్నా. ఆ పక్క ఎండ పడదు, ఉత్త వెల్తురే వస్తాది."

లేవి ఆ గోడను కింది నుంచి కప్పు దాకా చూశాడు. చివరికి, "పెట్టు. కప్పుకు ఆనించి పైన పెట్టు, వెంటిలేటరు మాదిరి. కిందికొద్దు" అన్నాడు.

"సరేన్నా. ఎవురికీ కనపడవు."

మర్నాడు ఈరేష్ ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. దుమ్ము పడకుండా మంచం మీద పాత చీర కట్టి, లోపలి నుంచే ఉలితో రాళ్ళు కదిలించాడు. పైవరస రాళ్ళు ఊడొచ్చేసరికి గదిలోకి వెలుతురు వచ్చింది, దాంతోపాటు చప్పుళ్ళూ వచ్చాయి. ఇన్నేళ్ళూ ఆ మందపాటి గోడ ఆపి ఉంచిన చప్పుళ్ళు. లేవి చీర పక్కకు లాగి చూశాడు. ఒక జానెడు ఆకాశం, ఒక కరెంటు తీగ కనబడ్డాయి. దొడ్డిలో గేదె ఒకటి ఆగి ఆగి మూలుగుతోంది. వీరభద్ర ఎవరినో నీళ్ళు తెమ్మని తొందర పెడుతున్నాడు.

"ఏమైతాంది రా ఆడ?"

ఈరేష్ నిచ్చెన మీద నుంచి కంతలోకి తొంగి చూశాడు. "ఎనుము ఈనుతాండాదన్నా. కష్టంగా ఉన్నట్టుండాది."

"కాళ్ళు కనపడతాండాయా?"

"ఒక కాలే కనపడతాండాది."

లేవి మోచేతుల మీద లేవబోయాడు. అతని ఇంట్లోనూ చిన్నప్పుడు గేదెలుండేవి. ఒక కాలు మాత్రమే బయటికొస్తే రెండోది లోపల మడిచిపడి ఉందని అతనికి తెలుసు. "వెనక్కి తోసి రెండోది సరి చేయమను. లాగొద్దని చెప్పు" అన్నాడు. ఈరేష్ కంతలోంచి అరిచాడు. అవతల నుంచి వీరభద్ర, "అదే చేస్తాండానప్పా" అన్నాడు. ఆ తర్వాత కంతలోంచి గేదె మూలుగు ఒక్కటే వినవస్తోంది.

"ఈరేష్, కిటికి దించు" అన్నాడు లేవి.

"ఏందన్నా?"

"పైన కాదు. కింది దాకా కొట్టెయ్."

"కిందంటే ఎంత?"

లేవి మంచం పట్టె మీద చేయి వేసి చూపించాడు. "ఇంత. పండుకుంటే కంటికి నేల కనపడాల."

"అట్లయితే దొడ్డిలోళ్ళకు నువ్వు నిలువునా కనపడతావన్నా."

"కనపడనీలే."

విశ్వాసమ్మ ముందు గదిలో మిషను తొక్కుతూ ఆ మాట విన్నది. ఒక్క క్షణం కాలు ఆపి, మళ్ళీ తొక్కింది.

పైకప్పు కుంగకుండా ముందుగా కంత మీద ఒక బండ అడ్డంగా బిగించి, ఒక్కో వరుసా తీసుకుంటూ వచ్చేసరికి సాయంత్రమైంది. అడుగు వరుస తొలగించాక లేవి తల తిప్పితే దొడ్డంతా కనబడింది. గడ్డివామి పక్కన గేదె నిలబడి ఉంది. దూడ దాని పొదుగు కింద దూరి తాగుతోంది. వీరభద్ర తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటూ ఇటు చూశాడు. కంతలో లేవి మొహం కనబడింది. తడి చేతులు పంచెకు తుడుచుకుంటూ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ప్రమాదం జరిగాక వాళ్ళిద్దరూ ఎదురుపడడం అదే మొదలు.

"పెయ్యదూడనా?" అని లేవే అడిగాడు.

"పెయ్యదూడే. శానా అవస్థ పెట్టిందప్పా."

"తల్లి పచ్చి నీళ్ళు తాగకుండా చూడు."

"చూస్తాలే" అన్నాడు వీరభద్ర. తన తొట్టి అడుగున నీళ్ళు కారిపోతున్నాయని, దానికి ఏం చేయాలని అడిగాడు. లేవి చెప్పాడు. ఈరేష్ మిగిలిన సిమెంటు ఆ తొట్టికే పూసి ఇంటికి పోయాడు.

ఆ కిటికీకి చట్రం, ఇనుప కమ్ములు, తలుపులు తర్వాత వచ్చాయి. దాంతో కష్టాలు లేకపోలేదు. పేడ వాసన వచ్చేది, వానల్లో దోమలు వచ్చేవి. విశ్వాసమ్మ కమ్ములకు వల కొట్టించింది. లేవి మాత్రం పొద్దున్నే తలుపు తెరవమనేవాడు. ఊరకే చూస్తూ ఎంతసేపుంటామని కొన్నాళ్ళకు భార్య కుట్టిన జాకెట్లకు హుక్కులు వేయడం మొదలుపెట్టాడు. రాళ్ళు మోసిన వేళ్ళకు సూది మొదట్లో దొరికేది కాదు. ఉత్తరపు వెలుతురు పొద్దుపోయేదాకా ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి కంటికి శ్రమ ఉండేది కాదు. పండగల ముందు పని ఎక్కువైనప్పుడు చేతి కుట్టంతా అతనిదే. దొడ్డిలోకి వచ్చినవాళ్ళు కిటికీ దగ్గర ఆగి మాట్లాడిపోయేవారు. ఇల్లు కట్టుకోబోయేవాళ్ళు ఒకరిద్దరు గది ఎటు పెట్టాలని అడిగేవారు. తోచింది చెప్పేవాడు, అద్దం మాట వస్తే తాను పడిన పాటు దాచకుండా చెప్పేవాడు.

కొన్నేళ్ళ కిందట వీరభద్ర కొడుకు హర్షవర్ధన్ దొడ్డిలో రెండంతస్తుల ఇల్లు కట్టాలనుకున్నాడు. ఆ కబురు చెప్పడానికి వీరభద్ర కిటికీ దగ్గరికి వచ్చి, కమ్ములు పట్టుకుని నసిగాడు.

"నీ కిటికి మూసుకుపోతాదేమోనని వానితో చెప్పినా, లేవీ. నాలుగడుగులు సందు ఇడుస్తామంటాండాడు."

లేవి చేతిలోని జాకెట్టు పక్కన పెట్టాడు. దొడ్డి ఇక కనబడదు. అది వెంటనే అర్థమైంది. కట్టుకోవద్దని అనడానికి స్థలం తనది కాదు. "శానా ఇడుస్తాండారు" అన్నాడు. కమ్ముల్లోంచి దొడ్డిని ఒకసారి చూసి, "ఒగటి చేయండి. నా పక్కకుండే గోడకు రంగులేం వద్దు. తెల్ల సున్నం కొట్టించండి. మీ గోడకు ఎండ తగిలితే ఆ వెల్తురు తిరిగి ఈడికే వస్తాది" అన్నాడు.

హర్షవర్ధన్ తన ఇంటికంతా పచ్చ రంగు వేయించుకుని ఆ ఒక్క గోడకూ సున్నం కొట్టించాడు. ఏడాదికొకసారి మళ్ళీ కొట్టిస్తున్నాడు. గది ఇప్పుడు మునుపటి కన్నా తెల్లగా ఉంటుంది, కనబడేది మాత్రం గోడే. గేదెలను ఊరి బయటి కల్లానికి మార్చారు. వాటి సంగతులు వీరభద్ర సందులోకి కుర్చీ తెచ్చుకుని చెబుతాడు. అతని కోడలు మధులత బట్టలు ఆరేయడానికి అక్కడికే వస్తుంది, జాకెట్లు వల మూల ఎత్తి, కమ్ముల సందులోంచే లోపలికిస్తుంది. పోయిన క్రిస్మసుకు ముందు క్రిస్టినా గోడకున్న చక్రాల కుర్చీ మీది దుప్పట్లు తీసి దులిపింది. తండ్రి ఎక్కించమని చేతులు చాపాడు. చర్చి దాకా ఆమే తోసుకుపోయింది. ఎండకు కళ్ళు చికిలించుకుంటూ, దారిలో వచ్చే ప్రతి ఇంటి కిటికీనీ చూసుకుంటూ పోయాడు లేవి.