చెవికి దొరకని గోళీ

వడ్రంగి గరుకు కాగితంతో గోళీని రుద్దుతున్నాడు. పన్ను ఎగవేతల సర్వేకి వచ్చిన అమ్మాయి చేయమన్న పెట్టె పక్కనే ఉంది. అందులో పది కర్ర గోళీలు: నాలుగు ఎర్రవి, ఆరు తెల్లవి. ఊపితే ఒకటి జారి, జవాబు చెప్పేవాడికి మాత్రమే కనిపించే కంతలో పడుతుంది. ఎర్రదైతే ఊరికే "అవును" అనాలి. తెల్లదైతే, బిల్లు లేకుండా అమ్ముతున్నారా అన్నదానికి నిజం చెప్పాలి. ఎవరి "అవును" ఎందుకో ఆమెకు తెలియదు. మొత్తం "అవును"ల్లోంచి ఎర్ర గోళీల వంతు తీసేసి లెక్క కడితే, ఎంతమంది దాస్తున్నారో తేలుతుంది.

"అడిగేది మన వీధినే, పెట్టె చేసేది మీరు. ఎవరు దొరికిపోయినా మనల్నే తిట్టిపోస్తారు" అంది భార్య.

"ముందు దొరికేది నేనేలేవే." అతని బిల్లు పుస్తకం కొని మూడేళ్లయినా సగం కూడా కాలేదు.

విరిగిన కుర్చీలు విప్పి చూసి పని నేర్చుకున్న మనిషి. దేన్నైనా పరీక్షించందే నమ్మడు. గోళీలన్నీ వేసి పెట్టె ఊపాడు. టిక్. మళ్ళీ ఊపాడు. టక్. అతని చెయ్యి ఆగింది.

"టిక్ అంటే ఎర్రది, టక్ అంటే తెల్లది. కళ్లు మూసుకుని విని రంగు చెప్పు" అన్నాడు భార్యతో.

పదిసార్లలో తొమ్మిదిసార్లు సరిగ్గా చెప్పింది భార్య. "ఎర్రవాటికే వార్నిష్ వెయ్యమంది కదూ? చప్పుడు వినే ఎవరి 'అవును' నిజమో పట్టేస్తుంది. ఎంత గడుసు పిల్లండీ!"

మర్నాడు ఆ అమ్మాయికి ఆ రెండు చప్పుళ్లూ వినిపించాడు.

"రంగు పోకూడదని అన్నాను బాబాయ్. ఇలా తెలిసిపోతుందని నిజంగా తెలియదు."

"తెలిసినవాళ్లూ అదే అంటారమ్మా."

ఆమె మొహం ఎర్రబడింది. సిగ్గుతోనో, దొరికిపోయినందుకో అతనికి అంతుపట్టలేదు. మొహాలు అతని పని కాదు, గోళీలైతే అతని పనే. అన్నిటికీ ఒకే మందాన వార్నిష్ వేశాడు. త్రాసులో ఒక్కొక్కటీ తూచాడు. పెట్టె లోపల మందపాటి గుడ్డ అంటించాడు.

రెండు రోజులకు ఆమెను కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాడు. ఇరవైసార్లు ఊపితే సగం తప్పు చెప్పింది.

"ఇక చాలు బాబాయ్, నాకేమీ తెలియట్లేదు."

"అయితే నా జవాబు రాసుకో." పెట్టె ఊపి, కంతలోకి చూశాడు. "అవును."

ఆమె రాసుకుని అతని మొహంలోకి పట్టిపట్టి చూసింది. అక్కడ ఏ రంగూ దొరకలేదు. అతను మూతకు మేకులు కొట్టి పెట్టెను ఆమె చేతిలో పెట్టాడు.