కారణం రాయని గుర్తు

మన్సూరాబాద్‌లో మా పక్కింటాయన చొక్కా జేబులో ఎప్పుడూ ఓ సుద్దముక్క ఉండేది. రైల్వే యార్డులో గూడ్సు వ్యాగన్లను పరీక్షించి, చెడిపోయినవాటి మీద ‘సిక్’ అని రాసి రిపేరుకు పంపడం ఆయన ఉద్యోగం.

“ఉత్తగ సిక్కని రాస్తె నడ్వది. ఖరాబేందో గూడ కింద రాయాలె,” అనేవారు.

పగిలిన మ్యాన్‌హోల్ మూత మొదలు మా కుంటి కుర్చీ దాకా, కాలనీలో ఆయన సుద్ద తగలని వస్తువు లేదు.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఓ సాయంత్రం మా గేటు మీద ఎవరో సుద్దతో ‘ఆంధ్రోళ్లు’ అని రాసిపోయారు. మాది గుంటూరు వైపు. అమ్మ తడిగుడ్డ తెచ్చింది గానీ, తుడిస్తే ఎవరేమంటారోనని ఆగిపోయింది.

అప్పుడే ఆయన ఎల్బీనగర్ చౌరస్తాలో ధర్నా ముగించుకుని వచ్చారు. నినాదాలిచ్చి గొంతు బొంగురుపోయింది. వంగి ఆ మాట చదివారు. గేటును అటూ ఇటూ ఊపి చూశారు.

“ఖరాబేందో రాయలే,” అని అరచేత్తో తుడిచేశారు.

తర్వాత సుద్ద తీసి, కిర్రుమంటున్న మడతబందు పక్కన ‘సిక్’ అని, దాని కింద ‘నూనె లేదు’ అని రాశారు.

“గీ ఖరాబు నిజమే చెల్లె. జర నూనె ఎయ్యి,” అన్నారు అమ్మతో.

నూనె ఆ పూటే వేశాం. ఆ రాతను మాత్రం వానకు పోయేదాకా ఉంచుకున్నాం.