నాలుగు ఆంపియర్ల ఇల్లు, అబూ సర్మద్ అరచెయ్యి

బాగ్దాదులో కంప్యూటర్ కొట్లన్నీ ఉండే సినాఅ వీధిలో అబూ సర్మద్ అని ఒకాయన ఉన్నాడు. కంప్యూటరుకు కరెంటు పంచే పవర్ సప్లై డబ్బాను కళ్ళు మూసుకుని అరచేతిలో పెట్టుకున్నాడంటే, అది ఏ ఏడు, ఏ నెల, ఏ వారం కాలిపోతుందో చెప్పేస్తాడు. సరే, వారం అనడం కాస్త ఎక్కువే. నెల సంగతీ అనుమానమే. కానీ ఏది కాలిపోయే రకమో, ఏది నిలబడే రకమో మాత్రం చెబుతాడు. నిబ్రాస్ కళ్ళారా చూసింది.

నిబ్రాస్ ఇళ్ళకు ప్లాన్లు గీసే అమ్మాయి. కంపెనీ మూతపడ్డాక ఇంట్లోనే కూర్చుని గీసుకుందామని, ఎనిమిది నెలలుగా ఒక్కో భాగమే కొని తన తొలి కంప్యూటరును తనే బిగించుకుంటోంది. అన్నీ సమకూరాయి, పవర్ సప్లై తప్ప. చిక్కంతా దానితోనే. సర్కారు కరెంటు పోయినప్పుడు వీధి జెనరేటర్ నుంచి వాళ్ళింటికి వచ్చేది నాలుగు ఆంపియర్లు. ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, దీపాలు, టీవీ అందులోనే సర్దుకోవాలి. అంతకు మించి లాగితే బ్రేకర్ టక్కున పడిపోతుంది. ఫ్రిజ్ ఒక్కసారి ఆగినా ఆ కంప్యూటరు పెట్టె డాబా మీదికి పోయి పావురాలకు గూడవుతుందని వాళ్ళమ్మ ముందే తేల్చి చెప్పింది. ఆవిడ అన్నదంటే చేస్తుంది.

అందుకే నిబ్రాస్ ఆ పేటలో అందరూ వేసే లెక్కే వేసుకుంది. డబ్బా మీద ఏడు వందల యాభై వాట్లని ఉంటే, రెండు వందల ఇరవై వోల్టులతో భాగిస్తే, దాదాపు మూడున్నర ఆంపియర్లు. అంటే ఇల్లంతా దాని నోట్లోకే. సగం బిగించిన కంప్యూటరును దుప్పట్లో చుట్టుకుని మినీబస్సులో వచ్చి అబూ సర్మద్ బల్ల మీద దించింది.

"మూడు వందల వాట్లది ఇవ్వు బాబాయ్. ఇంకా చిన్నది ఉంటే మరీ మంచిది."

ఆయన టీ గ్లాసులో చెంచా తిప్పుతూ అడిగాడు. "మీ ఇంట్లో టీ కాచే సమోవార్ ఉందా బిడ్డా?"

"ఉంది."

"ఎన్ని గ్లాసుల టీ పడుతుంది?"

"ఇరవై."

"అయితే మీ అమ్మా నువ్వూ రోజూ ఇరవై గ్లాసులూ తాగేస్తున్నారన్నమాట. నిద్రెలా పడుతోందమ్మా?"

పక్క కొట్టువాళ్ళు నవ్వారు. నిబ్రాస్ చెవులు ఎర్రబడ్డాయి, కానీ విషయం బుర్రకెక్కింది. డబ్బా మీది అంకె అది ఇవ్వగలిగినంత. గోడ నుంచి లాగేది మాత్రం లోపలి భాగాలు అడిగినదానికి ఓ పిసరు ఎక్కువ, అంతే. అబూ సర్మద్ ఆమె చేత భాగాల పేర్లన్నీ చెప్పించి వేళ్ళ మీద లెక్క కట్టాడు. అన్నీ ఒళ్ళు దాచుకోకుండా పనిచేసినా మూడు వందల వాట్లు. గోడ దగ్గర ఒకటిన్నర ఆంపియర్. గీతలు గీసే వేళల్లో అందులో సగం కూడా ఉండదు. మూడు వందలదే తగిలిస్తే అది పొద్దస్తమానం రొప్పుతుంది. ఐదు వందల యాభైదైతే తాపీగా నడుచుకుంటూ పోతుంది.

అదే అంకె ఉన్న డబ్బాలు మూడు బల్ల మీద పెట్టి ఆమెను కళ్ళు మూసుకోమన్నాడు. మొదటిది సమూన్ రొట్టెలా తేలిపోయింది. మిగతా రెండూ బరువైనవే. బరువుంటే లోపల సరుకుంటుందని ఆమెకు ఎవరో చెప్పారు. అందుకని అన్నిటికన్నా బరువైన రెండోదాన్ని గర్వంగా ఎత్తి చూపింది.

ఆయన దాన్ని తీసుకుని, చూడకుండానే ఓసారి పక్కకు వంచాడు. "బరువంతా ఓ మూలకే ఉంది. రాగి అక్కడ కూర్చోదు." నాలుగు మరలు విప్పాడు. లోపల ఒక మూలన, జిగురుతో అతికించిన సిమెంటు ముద్ద. ఇది అమ్మడానికి కాదనీ, చూపించడానికే ఉంచాననీ చెప్పి మళ్ళీ మూతేశాడు.

నిబ్రాస్ ఆ డబ్బా కేసి కాదు, ఆయన చేతి కేసి చూసింది. ఆంక్షల కాలంలో దేశంలోకి సరుకు రాని పన్నెండేళ్ళూ ఆ చెయ్యి చచ్చిన డబ్బాలు విప్పి, రాగితీగ ఒలిచి, మళ్ళీ చుట్టి బతికించింది. రాగి ఎక్కడుండాలో దానికి తెలియడంలో వింతేముంది?

ఆయన మూడోదాన్ని ఆమె కంప్యూటరుకు బిగించాడు. బొమ్మలు గీసే ప్రోగ్రాము ఎక్కించి, తెరమీద ఓ మేడమెట్ల బొమ్మ గీయమన్నాడు. తరవాత దుకాణం గోడమీది పెద్ద స్విచ్చు మీద చెయ్యి వేశాడు. అది అటు వేస్తే జెనరేటర్, ఇటు వేస్తే సర్కారు కరెంటు.

"బాబాయ్, ఆ బొమ్మ ఇంకా సేవ్ చేసుకోలేదు."

"మీ ఇంట్లో కరెంటు నిన్ను అడిగి పోతుందా?"

వేసేశాడు. దీపాలు ఆరిపోయాయి. ఫ్యాను రెక్కలు కనబడ్డాయి. గోడకే తగిలించిన తెర నల్లబడింది. ఒక పెద్ద ఊపిరి పీల్చుకునేంత సేపు అలాగే ఉంది. సరే, అంతసేపు కాదు, రెప్పపాటు. వెలుగు తిరిగొచ్చేసరికి బల్ల మీద అప్పటిదాకా నడుస్తున్న దుకాణం కంప్యూటర్లు రెండూ చచ్చి మొదటి నుంచి లేస్తున్నాయి. నిబ్రాస్ పెట్టెలో చిన్న పంకా మాత్రం కొత్త డబ్బాలో నిలవున్న కరెంటుతో తిరుగుతూనే ఉంది. తెర మెల్లగా తెల్లబడింది. పదకొండో మెట్టు దగ్గర ఆమె చెయ్యి ఎక్కడ ఆగిందో, గీత అక్కడే ఉంది.

టీలు పంచే అతను పళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. నిబ్రాస్ వేలితో ఆ మెట్టును తాకి చూసింది.

ఆ సాయంత్రం ఇంట్లో కంప్యూటరు నడుస్తుంటే వాళ్ళమ్మ ఫ్రిజ్ తలుపు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. ఫ్రిజ్ సన్నగా మూలుగుతూనే ఉంది. చివరికి ఆవిడ చెయ్యి తీసి, "పావురాలకు వేరే గూడు చూడాలి" అంది.

ఈ సంగతి అబూ సర్మద్ ముందు ఎత్తితే ఆయనకు ఒళ్ళు మండుతుంది.

"అన్నీ కోతలు. నేను ఎవరి కళ్ళూ మూయించలేదు. సిమెంటు లేదు, స్విచ్చు లేదు. ఆ పిల్ల డబ్బా మీద రాసింది చదువుకుని, కొనుక్కుని పోయింది. అంతే. ఇంకో మాట, నేనసలు టీ తాగను."